యుద్ధవిమాన సిమ్యులేటర్‌తో కథాచిత్రం తీయడం ఎలా?

యుద్ధవిమానాన్ని కంప్యూటరు తెర మీద నడిపించే ఆటే యుద్ధవిమాన సిమ్యులేటర్. అందులో నటీనటుల ముఖాలు దొరకవు. పైలట్ బొమ్మకు తోలు టోపీ, గాగుల్స్, ఆక్సిజన్ మాస్కు ఉంటాయి. వాటి వెనుక భయపడే కళ్లు గానీ, మాట కోసం తడుముకునే పెదవులు గానీ ఉండవు. ఈ పరిమితిని మొదటి రోజే ఒప్పుకొని, దానికి తగిన కథను ఎంచుకున్నవారి చిత్రాలే చివరిదాకా చూడాలనిపిస్తాయి. దాన్ని పట్టించుకోకుండా ఆకాశంలో పోరాటాన్నే ఏకబిగిన చూపించి, వెనుక హోరెత్తే సంగీతం పెట్టిన వీడియోలు ఎంత అందంగా ఉన్నా, రెండో నిమిషం దాటాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సిమ్యులేటర్‌లో విమానాన్ని లేపడం, దించడం వచ్చి, సినిమా తీయడం మాత్రం ఇంకా మొదలుపెట్టని అభిరుచిపరుల కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

2001లో రష్యాకు చెందిన మాడాక్స్ గేమ్స్ రూపొందించిన ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’ సిమ్యులేటర్ వచ్చాక ఈ అభిరుచి బాగా వేళ్లూనుకుంది. ఆడిన ఆటను ట్రాక్‌గా దాచుకొని, తర్వాత తీరిగ్గా మరో కోణం నుంచి చూసే వీలు అందులో ఉండేది. ఎగరడం ఒకసారి, కెమెరా పట్టడం మరోసారి అన్న ఈ విభజనే మన పనికంతటికీ పునాది. ఈ రెండింటినీ ఒకేసారి చేయాలనుకుంటే రెండూ చెడతాయి.

ముఖం అవసరం లేని కథ

ముందుగా కథ. ఎదురుచూపు, లెక్క తప్పడం, ఆలస్యంగా అందిన కబురు, మొరాయించిన యంత్రం, తిరిగి రాని విమానం వంటివి ముఖాలు చూపించకుండానే ప్రేక్షకుడి గుండెకు చేరతాయి. ప్రేమ, అసూయ, ఇద్దరి మధ్య ఎదురెదురుగా జరిగే వాగ్వాదం వంటివి ఈ మాధ్యమంలో నిలబడవు. అలాగే మొదటి చిత్రానికి ఆరేడు నిమిషాల నిడివి, ఒకే రోజు, రెండే పాత్రలు చాలు.

వివరణ గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణను చివరిదాకా పట్టుకుని వెళ్దాం. బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152వ స్క్వాడ్రన్ అనే యుద్ధవిమాన దళం అధికారిక నామంలో ‘హైదరాబాద్’ అన్న మాట ఉండేది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉండేది, ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న అర్థం వచ్చే మాటలు దాని నినాదం. 1940 జులైలో ఆ స్క్వాడ్రన్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్ ప్రాంతంలోని వార్మ్‌వెల్ అనే పచ్చికబయలు ఎయిర్‌ఫీల్డ్‌కు చేరి, స్పిట్‌ఫైర్ మార్క్ 1 యుద్ధవిమానాలతో, జర్మనీ మీద బ్రిటన్ ఆకాశంలో చేసిన పోరైన ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’లో పాల్గొంది. తెలుగువారు చెప్పడానికి తగిన కథ ఇందులో ఉంది. అయితే పేరు, డబ్బు మాత్రమే హైదరాబాద్‌వి. నడిపినవారు అక్కడివారు కారు. ఆ యుద్ధకాలంలో భారతీయ పైలట్ల తొలి బృందం శిక్షణ కోసం ఇంగ్లండ్ చేరేనాటికి ఆ పోరు ముగింపుకు వచ్చేసింది. అందుచేత ఆ వేసవిలో వార్మ్‌వెల్ కాక్‌పిట్‌లో ఒక తెలుగు కుర్రవాణ్ణి కూర్చోబెట్టాలన్న కోరికను వదులుకోండి. చరిత్ర తెలిసిన ప్రేక్షకుడు అక్కడే చిత్రం మీద నమ్మకం కోల్పోతాడు.

మన కథను ఒక్క వాక్యంలో చెప్పుకుందాం: ఒక స్పిట్‌ఫైర్‌ను రోజూ సిద్ధం చేసే ఫిట్టర్, ఆ ఉదయం దాన్ని తీసుకెళ్లిన కొత్త పైలట్ తిరిగొస్తాడా లేదా అని నేల మీద నిలబడి ఎదురుచూస్తాడు. ఇద్దరూ కల్పిత పాత్రలే. నిజంగా ఆ స్క్వాడ్రన్‌లో ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లను కల్పిత కథలో వాడకపోవడం మర్యాద. కథ చెప్పేది ఫిట్టర్ గొంతు, చాలా ఏళ్ల తర్వాత. ఇలా అనుకోగానే ముఖాల సమస్య సగం తీరిపోతుంది, ఎందుకంటే కథకుడు మనకు కనిపించాల్సిన అవసరమే లేదు.

ఏ సిమ్యులేటర్?

కథ తేలాకే సిమ్యులేటర్‌ను ఎంచుకోవాలి. 1940 నాటి స్పిట్‌ఫైర్ మార్క్ 1, దాని ప్రత్యర్థి అయిన జర్మన్ యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ 109ఈ రెండూ కావాలంటే ‘ఐఎల్-2 క్లిఫ్స్ ఆఫ్ డోవర్’ సరిగ్గా సరిపోతుంది. 2011లో వచ్చిన ఆ ఆటకు అభిమానుల బృందం మెరుగులు దిద్దగా 2017లో ‘బ్లిట్జ్’ అన్న రూపం విడుదలైంది. ‘డీసీఎస్ వరల్డ్’ (డీసీఎస్) అనే మరో సిమ్యులేటర్‌లో అందుబాటులో ఉన్న స్పిట్‌ఫైర్ మార్క్ 9 తర్వాతి కాలానిది. నాలుగు రెక్కల ప్రొపెల్లరు, రెక్కల ముందుకు పొడుచుకొచ్చిన ఫిరంగి గొట్టాలు చూడగానే అది 1940 విమానం కాదని తెలిసిపోతుంది. ఖర్చు పెట్టే వీలు లేనివారికి ‘వార్ థండర్’ ఉచితంగా దొరుకుతుంది. అందులో మార్క్ 1 స్పిట్‌ఫైరూ ఉంది, రీప్లేలో స్వేచ్ఛగా తిరిగే కెమెరా కూడా ఉంది. డీసీఎస్ మూల కార్యక్రమం కూడా ఉచితమే. దానితోపాటు కాకసస్ మ్యాప్, ఎస్‌యూ-25టీ, టీఎఫ్-51డీ విమానాలు వస్తాయి కనుక కెమెరా పని నేర్చుకోవడానికి అవే చాలు.

మీ కంప్యూటరు శక్తిని బట్టి కథ పరిమాణాన్ని తగ్గించుకోండి. ముప్ఫై బాంబర్ల దండు తెర మీద కుంటుతూ కదిలితే చూసేవారికి భయం పుట్టదు. మేఘం చాటు నుంచి బయటపడే మూడు బాంబర్లు, మిగతావాటి హోరు శబ్దంలో మాత్రమే వినిపించడం అంతకంటే బలంగా పనిచేస్తుంది.

చదవడం, రాయడం

రాతకు కూర్చునేముందు విమానం గురించి చదవాలి, ఎందుకంటే మన సినిమాలో నటించేది విమానమే. మార్క్ 1 స్పిట్‌ఫైర్ స్వభావంలోనే నాటకీయత ఉంది. నేల మీద దాని పొడవాటి ముక్కు ఎదుట ఉన్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి పైలట్ పాములా మెలికలు తిప్పుతూ నడపాలి. కుడిరెక్క కింద ఉన్న రేడియేటరుకు చక్రపు కాలు అడ్డం రావడంతో నేల మీద ఎక్కువసేపు నిలిపితే ఇంజిన్ వేడెక్కిపోతుంది. తొలి మార్క్ 1 విమానాల్లో చక్రాలను చేతిపంపుతో పైకి లాగాలి. కుడిచేత్తో పంపు కొడుతుంటే ఎడమచేతిలోని కంట్రోలు కర్ర కూడా అదిరి, కొత్త పైలట్ల విమానం గాలిలోకి లేస్తూనే పైకీ కిందికీ ఊగేది. ఆ ఊగడాన్ని మీరు నటించి చూపిస్తే చాలు, లోపల కూర్చున్నవాడు కొత్తవాడని ప్రేక్షకుడికి ఒక్క మాట లేకుండా తెలుస్తుంది.

ఇలాంటివే మరో రెండు సంగతులు ఈ కథకు ప్రాణం. ఒకటి, మార్క్ 1లోని ఎనిమిది బ్రౌనింగ్ తుపాకుల్లో ఒక్కొక్కదానికి 300 తూటాలే ఉండేవి. నిమిషానికి సుమారు 1,150 చొప్పున పేలితే మొత్తం మందుగుండు దాదాపు 15 సెకన్లలో అయిపోతుంది. రెండు, స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజిన్‌కు కార్బ్యురేటరు ఉండేది, మెసర్‌ష్మిట్ ఇంజిన్‌కు ఇంధనాన్ని నేరుగా లోపలికి చిమ్మే ఏర్పాటు ఉండేది. జర్మన్ పైలట్ ముక్కును ఒక్కసారిగా కిందికి తోసి జారుకుంటే, అతని వెంట అలాగే దూకిన స్పిట్‌ఫైర్ ఇంజిన్ క్షణకాలం దగ్గి ఆగేది. అందుకే అనుభవజ్ఞులు ముందు సగం పొర్లి, తర్వాత కిందికి లాగేవారు. మన కుర్రవాడు ఆ సంగతి విన్నాడు గానీ, ఆ క్షణంలో మరిచిపోతాడు. కథ మలుపు అక్కడే ఉంది.

ఇక రాత. తెలుగు సినిమావాళ్లు చేసేట్టే ముందు సన్నివేశాల వరుస అయిన వన్‌లైన్ ఆర్డరు, తర్వాత ఏ షాట్‌లో ఏముంటుందో చెప్పే షాట్ డివిజన్ రాసుకోండి. కాగితాన్ని నిలువుగా రెండుగా విడదీసి ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాయండి. ఈ మాధ్యమంలో కుడివైపు వరుసే ఎక్కువ నిండాలి. ఒక సన్నివేశాన్ని దగ్గరగా చూద్దాం.

మూడు స్పిట్‌ఫైర్లు వెళ్లాయి. ఇప్పుడు తిరిగి వచ్చే వేళ. ఎడమవైపు ఇలా ఉంటుంది: పచ్చిక మీద మనిషి ఎత్తులో, కదలని కెమెరా. ఖాళీ ఆకాశం, దూరంగా గుడారం, ఇంధనపు ట్యాంకరు. పన్నెండు సెకన్లపాటు ఏమీ జరగదు. కుడివైపు: గాలి, పిట్టల కూత, ఆ తర్వాత చాలా సన్నగా మెర్లిన్ ఇంజిన్ శబ్దం. దాని మీద ఈల వేసినట్టు మరో చప్పుడు. ఫిట్టర్ గొంతు: “తుపాకీ రంధ్రాల మీద గుడ్డముక్కలు అతికించి పంపేవాళ్లం. కాల్చకుండా వస్తే విమానం మామూలుగా మోగేది. కాల్చి వస్తే గాలి ఆ రంధ్రాల్లో ఈల వేసేది. నేల మీద ఉన్నవాళ్లందరికీ ఆ తేడా తెలుసు.” ఎడమవైపు: మొదటి విమానం ఫ్రేమ్‌లోకి వచ్చి దిగుతుంది. కొంతసేపటికి రెండోది. కెమెరా ఇంకా కదలదు. కుడివైపు: రెండో ఇంజిన్ ఆగిపోతుంది, మళ్లీ పిట్టల కూత. ఇక్కడ ఫిట్టర్ ఏమీ మాట్లాడడు.

ఆ గుడ్డముక్కల సంగతి చారిత్రక వాస్తవం. దాన్ని సిమ్యులేటర్ బొమ్మలో చూపించగలదా లేదా అన్న బెంగ మనకు అక్కర్లేదు, శబ్దమే చెబుతుంది. ఇంత శక్తి ఉన్న చిన్న నిజం ఒక్కటి దొరికినా సినిమా నిలబడుతుంది కాబట్టి చదవడానికి పెట్టే వారం పది రోజులను వృథా అనుకోకండి.

మిషన్‌ను కట్టడం

షాట్ డివిజన్ పూర్తయ్యాకే సిమ్యులేటర్‌లోని మిషన్ ఎడిటర్, అంటే ఏ విమానం ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఎగరాలో అమర్చే సాధనం, తెరవండి. ఒకే పెద్ద మిషన్‌లో కథంతా నడిపించాలనుకోవద్దు. ప్రతి సన్నివేశానికి ఒక చిన్న మిషన్: నేల మీద తయారీ ఒకటి, గాలిలోకి లేవడం ఒకటి, సముద్రం మీద పోరు ఒకటి, తిరుగు ప్రయాణం ఒకటి. ఇలా విడదీస్తే ఒకటి చెడినా మిగతావి పాడవవు. పైగా ప్రతి మిషన్‌లో ఆ షాట్‌కు అవసరమైనవే ఉంచి, మిగతావి తీసేసి కంప్యూటరు మీద భారం తగ్గించవచ్చు.

సమయాన్ని శ్రద్ధగా నిర్ణయించండి. సిమ్యులేటర్లలో మిట్టమధ్యాహ్నపు వెలుగు విమానాన్ని చదునుగా చూపిస్తుంది, ఉదయం ఆరేడు గంటల ఏటవాలు ఎండ మాత్రం రెక్కల వంపునూ, రివెట్ల వరుసనూ బయటికి తెస్తుంది. సన్నివేశం నడిచేది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకుని, ప్రతి మిషన్‌లో అదే తేదీ, అదే మేఘాల అమరిక ఉంచండి. ఒక షాట్‌లో మబ్బు, వెంటనే వచ్చే షాట్‌లో నిర్మలాకాశం ఉంటే కంటిన్యుటీ చెడుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో కప్పిపుచ్చడం దాదాపు అసాధ్యం.

విమానాలకు సరైన గుర్తులు వేయండి. 152వ స్క్వాడ్రన్ విమానాల ప్రక్కలమీద ‘యూఎం’ అన్న ఇంగ్లిషు అక్షరాలు, వలయాకారపు గుర్తుకు అవతలివైపు ఆ విమానానికి ప్రత్యేకమైన ఇంకొక అక్షరం ఉండేవి. మీ కథలోని మూడు విమానాలకు దూరం నుంచి చూసినా తేడా తెలిసే అక్షరాలు ఇవ్వండి. ముఖాలు లేని చోట ఆ అక్షరమే పాత్రకు ముఖం. ఆటలో ఆ స్క్వాడ్రన్ లేకపోతే విమానం మీది రంగులు, గుర్తుల బొమ్మ అయిన ‘స్కిన్’ నమూనా తీసుకుని బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో మీరే వేసుకోవచ్చు. పొగమరకలు, రంగు చెదిరిన చోట్లు కూడా కొంచెం చేర్చండి. కొత్తగా కొన్నట్టు మెరిసే విమానం యుద్ధం మధ్యలో నమ్మశక్యంగా ఉండదు. వార్మ్‌వెల్ మీ మ్యాప్‌లో లేకపోతే తీరానికి దగ్గరగా ఉన్న మరో పచ్చికబయలు ఎయిర్‌ఫీల్డ్‌ను వాడుకోండి, కానీ సిమెంటు రన్‌వే కనిపించే కోణం మాత్రం వద్దు.

శత్రువు మీకు కావలసినట్టు ప్రవర్తించకపోవడం ఇక్కడ ఎదురయ్యే పెద్ద ఇబ్బంది. కంప్యూటరు నడిపే విమానం నైపుణ్యాన్ని తగ్గించడం, దానికి తూటాలు ఇవ్వకపోవడం, విమానం దాటాల్సిన చోట్లను సూచించే దారిబిందువులను దగ్గరదగ్గరగా పెట్టి కచ్చితమైన బాటలో నడిపించడం వంటి మార్గాలు ఉన్నాయి. నలుగురు స్నేహితులు దొరికితే ఇంకా మంచిది. మన హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉన్న స్నేహితుడు మెసర్‌ష్మిట్ నడుపుతూ “ఇప్పుడు ముక్కు కిందికి తోస్తున్నా” అని చెప్పి తోస్తే, మీకు కావలసిన క్షణం కంప్యూటరు కంటే ఎంతో తొందరగా దక్కుతుంది.

బృందాల అమరిక కూడా చరిత్ర ప్రకారమే ఉండాలి. 1940 వేసవిలో బ్రిటిష్ విమానాలు మూడేసి చొప్పున బాణపు మొన ఆకారంలో, రెక్కకు రెక్క దగ్గరగా ఎగిరేవి. జర్మన్లు నాలుగేసి, బాగా ఎడంగా ఎగిరేవారు. ఒకరు ఎంత ఇరుకుగా, మరొకరు ఎంత స్వేచ్ఛగా ఉన్నారో ఒకే షాట్‌లో చూపిస్తే, ఎవరు మొదట ఎవరిని చూస్తారన్న భయం దానంతటదే పుడుతుంది.

ఎగరడమే నటన

చిత్రం కోసం ఎగరడం పోరు గెలవడం కోసం ఎగరడం లాంటిది కాదు. మలుపులు నెమ్మదిగా తీసుకోండి, పక్కకు వంచాక ఒక క్షణం ఆగండి, తర్వాతే లాగండి. చూసేవాడి కంటికి ఆ క్షణం అవసరం. పైలట్ మనఃస్థితిని విమానం కదలికలోకి తీసుకురండి. కొత్తవాడు తన చోటు నిలుపుకోలేక కొంచెం వెనకబడి, మళ్లీ వేగం పెంచి, మరీ దగ్గరికి వచ్చి తగ్గుతాడు. అనుభవజ్ఞుడి విమానం గాలికి తప్ప కదలదు. ఒకే మిషన్‌ను ఒకసారి కొత్తవాడిలా, ఒకసారి నాయకుడిలా ఎగిరి చూస్తే ఈ తేడా మీ చేతికి పట్టుబడుతుంది.

ప్రతి టేక్ ముగిసిన వెంటనే ట్రాక్‌ను సన్నివేశం సంఖ్య, టేక్ సంఖ్య, బాగుందా లేదా అన్న ఒక మాట కలిపి పేరు పెట్టి దాచండి. ట్రాక్ అంటే వీడియో కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. డీసీఎస్ వంటి వాటిలో అది మీరు కదిపిన కంట్రోళ్ల చిట్టా. తిరిగి చూసేటప్పుడు సిమ్యులేటర్ ఆ ఎగురుడును మొదటి నుంచి మళ్లీ లెక్కగడుతుంది. అందువల్ల ట్రాక్ పొడవయ్యేకొద్దీ, ముఖ్యంగా నెట్‌లో పలువురు కలిసి ఆడినప్పుడు, లెక్క దారి తప్పి, అసలు కూలని విమానం కూలిపోయినట్టు చూపించే అవకాశం ఉంది. ట్రాక్‌లను పది నిమిషాల లోపే ఉంచండి. ఆటకు కొత్త అప్‌డేట్ వస్తే పాత ట్రాకులు పనికిరాకుండా పోవచ్చు కాబట్టి, చిత్రీకరణ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అప్‌డేట్‌లు ఆపేసి, నచ్చిన టేక్‌ను అదే వారంలో వీడియోగా మార్చుకోండి.

కెమెరా ఎక్కడ నిలబడాలి?

ఇక్కడ కొంచెం నిదానించాలి. సిమ్యులేటర్ కెమెరాకు బరువు లేదు, భయం లేదు. అది తూటా పక్కన పరుగెత్తగలదు, ప్రొపెల్లరు మధ్యలోంచి దూరి బయటికి రాగలదు. ఆ స్వేచ్ఛను వాడిన ప్రతిసారీ ఇది ఆట అన్న సంగతి ప్రేక్షకుడికి గుర్తొస్తుంది. కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: కెమెరా మనిషి నిలబడగల చోటే ఉండాలి. నేల మీద అయితే మనిషి కంటి ఎత్తు. గాలిలో అయితే పక్కనే ఎగిరే మరో విమానంలో కూర్చున్నవాడి చోటు, లేదా కాక్‌పిట్ లోపల పైలట్ భుజం వెనుక. మన కథలో ఇంకాస్త కఠినంగా ఉండవచ్చు: ఫిట్టర్ చెప్పే భాగాలన్నీ నేల మీది నుంచే, పైలట్‌తో ఉన్న భాగాలన్నీ కాక్‌పిట్ నుంచో, తోటి విమానం నుంచో. ఈ రెండు లోకాల తేడాను కెమెరా ఎత్తే చెబుతుంది.

డీసీఎస్‌లో ఎఫ్ 2 మీట విమానాన్ని బయటి నుంచి, ఎఫ్ 3 మీట దారి పక్క నిలబడి దాటిపోతున్నట్టు చూపిస్తాయి. ఎడమ కంట్రోల్‌తో ఎఫ్ 11 నొక్కితే స్వేచ్ఛా కెమెరా వస్తుంది. మిగతా సిమ్యులేటర్లలో కూడా ఇలాంటివి ఉంటాయి, సెట్టింగుల్లో చూసి మీటలను మీ చేతికి అనువుగా మార్చుకోండి. స్వేచ్ఛా కెమెరాను మౌస్‌తో కాకుండా గేమ్‌ప్యాడ్‌తోనో, రెండో జాయ్‌స్టిక్‌తోనో కదిపితే కుదుపు తగ్గుతుంది.

వీక్షణ కోణాన్ని తప్పకుండా తగ్గించండి. ఆట మామూలుగా చాలా వెడల్పాటి కోణంతో చూపిస్తుంది, అందులో దగ్గరి విమానం సాగినట్టు, దూరపు విమానం చుక్కలా కనిపిస్తుంది. కోణం తగ్గించి, కెమెరాను వెనక్కి జరిపితే పొడవాటి లెన్సుతో తీసినట్టు దూరాలు దగ్గరవుతాయి, వెంటాడే విమానం నిజంగానే మెడ మీద ఉన్నట్టు అనిపిస్తుంది. నేల మీది నుంచి తీసే షాట్లలో విమానాన్ని ఎప్పుడూ ఫ్రేమ్ నడిమధ్యన పట్టి ఉంచకండి. మనిషి కెమెరా తిప్పేటప్పుడు కొంచెం వెనకబడతాడు, తర్వాత అందుకుంటాడు. ఆ ఆలస్యం ఉంటేనే వేగం తెలుస్తుంది.

దిక్కులను కాపాడుకోండి. మన విమానాలు తెర మీద ఎడమ నుంచి కుడికి వెళ్తే శత్రువులు కుడి నుంచి ఎడమకు రావాలి, తిరుగు ప్రయాణంలో మనవాళ్లు కుడి నుంచి ఎడమకు మళ్లాలి. నీలాకాశంలో చెట్టూ పుట్టా ఉండవు కనుక ఈ ఒక్క క్రమమే ప్రేక్షకుడికి దారి చూపేది.

పోరు సన్నివేశానికి వద్దాం. 15 సెకన్ల మందుగుండు అన్న సంగతిని ముందే ఫిట్టర్ చేత చెప్పించి ఉంటారు కాబట్టి ప్రేక్షకుడు లోలోపల లెక్కపెడుతూ ఉంటాడు. కుర్రవాడు చాలా దూరం నుంచి కాలుస్తాడు, అది వృథా, మళ్లీ కాలుస్తాడు. మెసర్‌ష్మిట్ ముక్కు కిందికి తోస్తుంది. కాక్‌పిట్ షాట్‌కు కట్ చేయండి: హోరిజాన్ పైకి లేస్తుంది, ఇంజిన్ దగ్గుతుంది, ఒకటిన్నర సెకన్ల నిశ్శబ్దం. బయటి షాట్‌లో ఎగ్జాస్టు నుంచి నల్లటి పొగ. ఇంజిన్ తిరిగి అందుకునేసరికి ముందున్న విమానం చుక్కైపోయింది, వెనుక అద్దంలో మరొకటి ఉంది. దీనికి మొత్తం ఆరేడు షాట్లు చాలు. పేలుడును దగ్గర నుంచి చూపించాల్సిన అవసరం లేదు, ఎందుకంటే మన కథ ముగిసేది పచ్చిక మీద.

పట్టుకోవడం

తెరను వీడియోగా పట్టడానికి ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో సరిపోతుంది. 1920 బై 1080 పరిమాణం, సెకనుకు 60 ఫ్రేములు, రికార్డింగు ఎమ్‌కేవీ రూపంలో పెట్టుకోండి. మధ్యలో కంప్యూటరు ఆగిపోయినా అప్పటిదాకా పట్టింది ఎమ్‌కేవీలో మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే దాన్ని ఎమ్‌పీ4గా మార్చవచ్చు. సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే నిమిషానికి దాదాపు 375 మెగాబైట్లు, గంటకు 22 గిగాబైట్లకు పైగా పడుతుంది కనుక డిస్కులో చోటు ముందే చూసుకోండి. తెర మీది అంకెలు, విమానాల పేర్లు, చాట్ పెట్టె, మౌస్ గుర్తు అన్నీ ఆపేశాకే రికార్డు నొక్కాలి.

కంప్యూటరు 60 ఫ్రేములు ఇవ్వలేకపోతే ట్రాక్‌ను సగం వేగంతో నడిపించి రికార్డు చేసి, ఎడిటింగ్‌లో రెట్టింపు వేగానికి తెండి. 30 ఫ్రేములు ఇచ్చే యంత్రం నుంచి కూడా అప్పుడు 60 ఫ్రేముల సాఫీ కదలిక వస్తుంది. డీసీఎస్‌లో ఎడమ ఆల్ట్‌తో జడ్ మీట కాలాన్ని నెమ్మదింపజేస్తుంది. ఇలా తీసిన వాటి శబ్దం పనికిరాదు కాబట్టి అదే ట్రాక్‌ను మామూలు వేగంతో మరోసారి నడిపించి శబ్దాన్ని విడిగా పట్టుకోండి.

గొంతు, శబ్దం

నా అభిప్రాయంలో ఈ చిత్రాల్లో సగానికి పైగా పని శబ్దానిదే, అయినా అభిరుచిపరులు చివరి రెండు రోజులు మాత్రమే దానికి కేటాయిస్తారు. ఫిట్టర్ గొంతును చిత్రీకరణకు ముందే గైడ్ ట్రాక్‌గా చదివి రికార్డు చేసుకోండి. షాట్ ఎంతసేపు నిలవాలో ఆ గొంతే చెబుతుంది. అసలు డబ్బింగ్‌కు ఇంట్లో పెద్దాయన ఎవరైనా ఉంటే, నటన తెలిసిన కుర్రవాడి కంటే ఆయన చేత చెప్పించడం మేలు. వయసు గొంతులోనే ఉంటుంది. ఫ్యాను ఆపి, దుప్పట్లు వేలాడదీసిన గదిలో, మైకు నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు ఉంచి చదివించండి. వాక్యాలు మాట్లాడే తెలుగులో ఉండాలి. కాగితం మీద బాగున్న పొడవాటి వాక్యం ఆయన నోట తడబడితే దాన్ని మార్చండి గానీ ఆయన్ను కాదు.

రేడియో మాటలు ఇంగ్లిషులోనే ఉంచి కింద తెలుగు సబ్‌టైటిల్స్ వేయడం నాకు సబబనిపిస్తుంది. అవి పొడిపొడిగా ఉండాలి. ‘ఏంజెల్స్ 15’ అంటే పదిహేను వేల అడుగుల ఎత్తు, ‘బాండిట్స్’ అంటే శత్రు విమానాలు, ‘టాలీ హో’ అంటే శత్రువు కంటబడ్డాడు. ఆ గొంతులకు రేడియో గుణం రావాలంటే ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 300 హెర్ట్జ్‌కు దిగువన, 3,000 హెర్ట్జ్‌కు ఎగువన ఉన్న శబ్దాన్ని కోసేసి, కొద్దిగా వక్రీకరణ, సన్నటి గరగర చేర్చండి. గొంతు చెప్పేవారు అరచేతిని నోటి చుట్టూ గిన్నెలా మడిచి మాట్లాడితే మాస్కు లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. సబ్‌టైటిల్ రెండు వరుసలకు మించకూడదు, ఎంత చిన్నదైనా రెండు సెకన్లు నిలవాలి.

దూరాన్ని శబ్దంతో చెప్పండి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. కిలోమీటరు దూరంలో పేలిన బాంబు వెలుగు ముందు, చప్పుడు సుమారు మూడు సెకన్ల తర్వాత వినిపించాలి. నేల మీది నుంచి తీసిన షాట్లలో ఈ ఎడం పాటిస్తే ప్రేక్షకుడు నిజంగా అక్కడ నిలబడ్డట్టు ఉంటుంది. రీ-రికార్డింగ్‌లో సంగీతాన్ని పొదుపుగా వాడండి. తిరుగు ప్రయాణం సన్నివేశంలో అసలు వద్దు, ఎందుకంటే అక్కడ ప్రేక్షకుడు వినవలసింది మూడో ఇంజిన్‌ను.

కూర్పు

ఎడిటింగ్‌కు డావించీ రిజాల్వ్ ఉచిత రూపం చాలు. ముందుగా గొంతును, రేడియో మాటలను మాత్రమే టైమ్‌లైన్ మీద పరచి, కళ్లు మూసుకుని వినండి. కథ అర్థమైతేనే బొమ్మలు చేర్చండి. అర్థం కాకపోతే ఎంత మంచి షాట్ అయినా దాన్ని కాపాడదు. మొదటి కూర్పు తప్పకుండా పొడవుగా వస్తుంది. అందులో మొదట తగ్గించాల్సింది పోరాటాన్ని, చివరగా ముట్టుకోవాల్సింది ఎదురుచూపులను. ఎక్కడైనా ఒక షాట్ లోటు కనిపిస్తే ట్రాక్ ఉంది కాబట్టి ప్యాచ్ వర్క్ సులువు: అదే ట్రాక్ తెరిచి, కెమెరాను కావలసిన చోట పెట్టి తీసుకోవడమే.

రంగుల విషయంలో సిమ్యులేటర్లు ఇచ్చే గాఢమైన నీలం, ఆకుపచ్చలను కొంచెం తగ్గించి, వెలుగుల అంచును మెత్తబరచండి. పాత ఫిల్మ్‌లా గీతలు, మచ్చలు వేయాలన్న కోరిక కలుగుతుంది. అవి మొదటి నిమిషంలో ఆకట్టుకుని, తర్వాత అడ్డుపడతాయి. చివరి చిత్రాన్ని సెకనుకు 24 ఫ్రేముల్లో తీసుకుంటే ఆట వాసన తగ్గి సినిమా స్పర్శ వస్తుంది.

నెట్‌లో పెట్టేముందు హక్కులు చూసుకోవాలి. ఆట తయారీదారులు వీడియోలకు, ముఖ్యంగా డబ్బు తెచ్చే వీడియోలకు, ఏ షరతులు పెట్టారో వారి ఒప్పందంలో చదవండి. సినిమా పాటలను ఒక్క చరణమైనా వాడవద్దు. సంగీతం, ఎఫెక్ట్స్ ఎక్కడినుంచి తెచ్చినా ఆ అనుమతి వివరాన్ని డౌన్‌లోడ్ చేసిన రోజే ఒక ఫైలులో రాసి పెట్టుకోండి. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన పాత దృశ్యాలకు ఆ దేశంలో కాపీరైట్ ఉండదు, అవసరమైతే అవి వాడుకోవచ్చు. జర్మన్ విమానాల తోకల మీద స్వస్తిక గుర్తును చాలా సిమ్యులేటర్లు వేయవు, జర్మనీ చట్టం ఆ గుర్తు ప్రదర్శనపై ఆంక్షలు పెట్టింది. చరిత్ర కోసమని మీరు చేర్చితే చిత్రం అక్కడ చిక్కుల్లో పడవచ్చు.

చివరి టైటిల్స్‌లో స్కిన్లు వేసినవారిని, విమానాలు నడిపిన స్నేహితులను, గొంతు ఇచ్చినవారిని పేరుపేరునా చెప్పండి. ఏ ఆటతో తీశారో, పాత్రలు కల్పితమని, స్క్వాడ్రన్ మాత్రం నిజమని స్పష్టంగా రాయండి. ఆ తర్వాత మిషన్ ఫైళ్లు, ట్రాకులు, స్కిన్లు, విడి శబ్దాలు, ఆట ఏ వెర్షనులో తీశారన్న చీటీ అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి మరో డిస్కులోకి నకలు తీసి ఉంచండి. అదే స్క్వాడ్రన్ 1943 చివర్లో భారతదేశానికి వచ్చి బర్మా రంగంలో పోరాడింది, కాబట్టి రెండో చిత్రం మొదలుపెట్టేనాటికి ఆ ‘యూఎం’ అక్షరాలు మీకు మళ్లీ పనికొస్తాయి.